దింపుడు కళ్లం పిలుపు

మాట తడబడే మనిషి నా ఎదుట కూర్చున్నప్పుడు నేను అతన్ని వెంటనే మాట్లాడించను. మొదట ముఖాన్ని విశ్రాంతిలో చూస్తాను. పెదవులు సమంగా కలుస్తున్నవా, దవడ ఒక పక్కకు లాగుతున్నదా, నాలుక నోటిలో నిలకడగా ఉన్నదా అన్నది గమనిస్తాను. తరువాత పెదవులు ముడవమంటాను, చాచమంటాను. బుగ్గలు పూరించి గాలిని పట్టి ఉంచమంటాను. నాలుకను ముందుకు, పైకి, రెండు పక్కలకు కదపమంటాను. శబ్దం ఆ తరువాతనే. ఊపిరి ఉన్నంతసేపు ప ప ప అని, త త త అని, క క క అని. చివరకు మూడింటినీ కలిపి పతక, పతక అని వేగంగా అనిపిస్తాను. ఈ వరుసను నేను ఆసుపత్రిలో మాట చికిత్స చేసే ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మార్చలేదు. విరమణ పొందిన తరువాత హనుమకొండలో మా ఇంటి ముందుగదిలో ఉదయం పూట మనుషులను చూస్తున్న ఈ కాలంలోనూ మార్చలేదు. వరుస తప్పిన పరీక్షలో కన్ను తాను చూడదలచుకున్నదానినే చూస్తుంది.

నత్తి అనగానే జనం నోటిని అనుమానిస్తారు. పసితనంలో వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయలేదని అమ్మమ్మను నిందిస్తారు. నాలుక మందమంటారు, కొండనాలుక పొడుగంటారు. బస్టాండు గోడల మీద నత్తిని మాయం చేస్తామనే ప్రకటనలు చూసి నెలల తరబడి పొడులు మింగుతారు. నా పరీక్షలో అధికభాగం ఈ అనుమానాలను ఒకటొకటిగా కొట్టివేయడమే. నోరు బాగానే ఉన్నదని తేలిన తరువాత సాధారణంగా మనుషులు సంతోషిస్తారు. సంతోషించని ఒక మనిషిని గురించి ఇక్కడ రాస్తున్నాను.

అతను కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. నలభై దాటినవాడు. ఒక ఎండాకాలపు ఉదయం భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. నేసిన పోగును కిందికి కొట్టే ఇనుప పళ్ల పంజాను ఏళ్ల తరబడి పట్టినందువల్ల అతని కుడి అరచేయి కాయలు కాచి ఉన్నది. కుర్చీ అంచున కూర్చున్నాడు. మాట్లాడినది భార్య.

"ఈయన నాలుక కింద నరం కోయాలె సార్. చిన్నప్పుడే కోయిస్తే అయిపోతుండె. మా అత్త భయపడ్డదట. మీరు కోస్తరా, పెద్ద దవాఖానకు రాసిస్తరా?"

"కోయడం నా పని కాదు. పైగా అతని నోటిని గురించి నువ్వు చెప్పకు. నేను చూస్తాను."

"చూడుండ్రి సార్. నేను నోరు మూసుకుంట. ఇంట్ల ఇద్దరి మాటలు నేనే మాట్లాడి అలవాటైంది."

అతను నవ్వాడు. నవ్వినప్పుడు పెదవులు రెండు పక్కలకూ సమంగా సాగినవి. నేను దానిని గుర్తుపెట్టుకొని పరీక్ష మొదలుపెట్టాను.

ఏ దోషమూ లేదు. ఆ అనమన్నప్పుడు చిన్న టార్చి వెలుగులో అంగిలి చక్కగా లేచింది. బయటికి చాచిన నాలుక వణకలేదు. దాని కొన పై పళ్ల వెనుక భాగాన్ని సులువుగా అందుకున్నది. అంటే కింది నరం బిగువు అనే మాటకు ఆధారం లేదు. పతక, పతక అన్నప్పుడు అతని పెదవులూ నాలుకా ఆరోగ్యవంతుడైన ఏ మనిషికీ తీసిపోని వేగంతో, ఒకే నడకతో సాగినవి. అర్థం లేని శబ్దానికి అతని నోరు అడ్డు చెప్పలేదు.

తరువాత ఏం పని చేస్తావని అడిగాను. నోరు మారిపోయింది. పెదవులు ఒకదానినొకటి నొక్కుకున్నవి. గడ్డం మీది చర్మం గుంటలు పడింది. మెడ పక్కన ఒక నరం తాడులాగా లేచింది. కళ్లు మూతపడి వణికినవి. కుడి చేయి లేచి, చేతిలో లేని పంజాతో కొట్టినట్టు తొడ మీద ఒక దెబ్బ వేసింది. ఆ దెబ్బతో మాట బయటపడింది. పెదవులు కలిసి పలికే ప, బ, మ అక్షరాల దగ్గర ఇది ఎక్కువ. అచ్చుతో మొదలయ్యే మాట అయితే నోరు తెరుచుకొనే ఆగిపోయేది, గొంతులో గాలి కదిలేది కాదు.

"నీ నోటిలో ఏ లోపమూ లేదు. కోయవలసినది కూడా ఏమీ లేదు" అని చెప్పాను.

అతను తల దించుకున్నాడు. భార్య కొంగుతో మూతి తుడుచుకొని, "లోపం ఉన్నా బాగుండు సార్" అన్నది. "ఉంటే కోయిపిచ్చుకొని పోదుము."

ఎందుకట్లా అంటున్నావని అడిగితే అప్పుడు సంగతి చెప్పారు. అతను మొదలుపెట్టేవాడు, ఆగినచోట ఆమె అందుకొనేది. అందుకోవద్దని నేను వారించేవాణ్ని. అందువల్ల చాలా సేపు పట్టింది.

అతని తండ్రి మంచాన పడి ఉన్నాడు. జీవితమంతా నూలు నుసి పీల్చిన ఊపిరితిత్తులు. ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పి పంపారు. తండ్రి పోతే తలకొరివి పెట్టవలసినది పెద్దకొడుకు, అంటే ఇతను. కొరివి పెట్టేవాడే దింపుడు కళ్లం దగ్గర పిలవాలి. శవాన్ని మోసుకుపోతూ దారి మధ్యలో పాడెను దింపి, కొడుకు వంగి చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే ఆ పిలుపుకు లేస్తారని మనవాళ్ల ఆశ. లేవరని అందరికీ తెలుసు. అయినా మూడు పిలుపులూ ముగిసేదాకా పాడెను ఎవరూ ముట్టుకోరు.

తల్లి పోయినప్పుడు కొరివి పెట్టవలసినవాడు చిన్నకొడుకు. అతను భివండిలో పవర్‌లూముల మీద ఉండి సమయానికి చేరలేకపోయాడు. ఎండలు మండుతున్నవి, ఆగడానికి వీలు లేదు. పెద్దవాడే వంగాడు. అవ్వా అని పిలవాలి. నోరు తెరుచుకున్నది కాని పిలుపు రాలేదు. డప్పులు ఆపి జనమంతా నిలబడ్డారు. తెరిచిన నోటితో అతను తల్లి చెవి దగ్గర అలాగే ఉండిపోయాడు. చివరకు మేనమామ, ఆమె తమ్ముడు, ఇక లేపండని పాడెను ఎత్తించాడు. కర్మ నాడు కల్లు తాగి ఆ మేనమామే అందరి ముందూ అన్నాడట, "పిలుపు సక్కగ పడితే మా అక్క కదులుతుండె. ఆ జీవం ఇంక పోలే. నేను చూసిన."

అప్పటినుంచి అతని మనసులో తల్లిని చంపినది తన నోరు.

ఇటువంటి నమ్మకాన్ని ఖండించడం నా విధి, ఖండించాను కూడా. డాక్టరు చూసి చెప్పిన తరువాతనే కదా పాడె కట్టారు అని అడిగాను. ఎరుకనే సార్ అన్నాడు. నాడి ఆగిన మనిషి పిలుపుకు లేవదని వివరించాను. దానికీ ఎరుకనే అన్నాడు. అతనికి అన్నీ తెలుసు. తెలిసినందువల్ల అతనికి మేలేమీ జరగలేదు.

ఇప్పుడు మేనమామా కులపెద్దలూ కలిసి, ఈసారి చిన్నవాణ్ని ముందే పిలిపించి అతని చేతనే పిలిపించాలని, కొరివి కూడా అతని చేతనే పెట్టించాలని అనుకుంటున్నారు. ఇతనికి కావలసింది ఒక్కటే. తన తండ్రిని తాను పిలవాలి, ఆగకుండా పిలవాలి. నత్తి మొత్తంగా పోవాలని అతను నన్ను ఎన్నడూ అడగలేదు.

అభ్యాసం మొదలుపెట్టాము. పెదవులను నొక్కకుండా, తాకీ తాకనట్టు కలిపి, ఊపిరిని ముందుగా కదిలించి మాటను దాని మీద వదలడం నేర్పాను. బండి, బాయి, బావ అనే మాటలతో ఆరంభించి వారాలు గడిపాము. అతను చెప్పిన సమయానికి వచ్చేవాడు, చెప్పినది చేసేవాడు. అద్దం ముందు కూర్చొని తన గడ్డం మీది గుంటలను తానే గుర్తుపట్టి సడలించడం నేర్చుకున్నాడు. క్రమశిక్షణ గల మనిషి అంటే నాకు గౌరవం. అతని మీద ఆ గౌరవం కలిగింది.

చిక్కు అసలు మాట దగ్గర వచ్చింది. బాపూ అని వరుసగా మూడుసార్లు అనమన్నాను. ఒకసారి అన్నాడు. ఆగి ఆగి రెండోసారి అన్నాడు. మూడోసారికి నోరు కట్టేసుకొని తల అడ్డంగా ఊపాడు. అది నత్తి కాదు, నిరాకరణ. తండ్రి బతికి ఉండగా మూడు పిలుపులు పిలవకూడదన్నాడు. ఆయన ఇక్కడ లేడు, కొత్తవాడలో ఉన్నాడు, ఇది అభ్యాసం మాత్రమే అని చెప్పాను.

"అభ్యాసమే సార్. అయినా వద్దు" అన్నాడు. ఆ మాటలు ఎక్కడా ఆగలేదు.

నేను బలవంతపెట్టలేదు. ఒక పద్ధతిని పాటించే మనిషి మరొక పద్ధతిని పాటించే మనిషిని అర్థం చేసుకోవాలి.

వానలు మొదలయ్యే ముందు ముసలాయన నన్ను చూడాలన్నాడని కబురు వచ్చింది. నేను ఇళ్లకు వెళ్లను. ఆ ఒక్కసారి వెళ్లాను. ఇంటి ముందుభాగమంతా మగ్గం. ఎరుపు, నీలం చారలతో సగం నేసిన జంపఖానా దాని మీదనే ఆగి ఉన్నది. వెనుక గదిలో మంచం, పక్కన చప్పుడు చేసే ఆక్సిజన్ యంత్రం. ముక్కుకు గొట్టంతో ముసలాయన దిండ్లకు ఆనుకొని కూర్చున్నాడు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో మేనమామ.

"రాండ్రి సారూ. మా పెద్దోని నోరు రిపేరు చేస్తాంది మీరేనా?" అన్నాడు ముసలాయన.

"రిపేరు కాదు. పరీక్ష చేశాను, అభ్యాసం చేయిస్తున్నాను."

"ఏదైతేంది. గ్యారంటీ ఎంత కాలమిస్తరు? నాకైతే ఎక్కువ అక్కర్లేదు."

నవ్వబోయి దగ్గులో పడ్డాడు. కోడలు వచ్చి వీపు నిమిరింది. మేనమామకు ఈ ధోరణి నచ్చలేదు.

"బావా, నవ్వులాట గాదు. సారుకు ఎరుకలేదేమో, చెప్తాన. గా రోజు వాడకట్టంత జూసింది. మళ్ల గట్లయితే మన ఇజ్జత్ పోతది. చిన్నోడు నోరున్నోడు. వాడు పిలుస్తడు, వాడే కొరివి పెడ్తడు."

"చిన్నోనికి నోరెక్కువే. నేను సచ్చినంక గూడ నన్ను ఒక మాట మాట్లాడనియ్యడు."

"పోనీ ఇంకొకటి. పెద్దల్లుడు ఇంట్ల కూసొని నిమ్మలంగ పిలిస్తే ఫోన్ల రికార్డు చేద్దాం. ఆ యాల్లకు చెవుకాడ పెడ్తే సరి."

"బామ్మర్దీ, సెల్లు పిలిస్తె లేసేటోన్నయితే, లోను గావాల్నా అని బ్యాంకోళ్లు ఫోన్ చేసినప్పుడల్ల లేసి కూసుందును గద."

గడప దగ్గర నిలబడి ఉన్న పెద్దకొడుకు నేల చూస్తున్నాడు. ముసలాయన కొంతసేపు ఊపిరి కూడదీసుకొని నా వైపు తిరిగాడు. ఈసారి ముఖంలో నవ్వు లేదు.

"సారూ, ఒక్క మాట సాఫ్‌గ చెప్పుండ్రి. ఆనాడు వీనికి మాట వస్తదా, రాదా? రాదంటే చిన్నోనికి చెప్పుకుంట. వీన్ని మళ్ల నలుగుట్ల నిలబెట్టుడు నాకు ఇష్టం లేదు."

నా జవాబును బట్టి ఒక కొడుకు హక్కు నిలవవలసి ఉన్నది. ఆశ పెట్టడం నా వృత్తిలో మోసమే. ఆశ తీసివేయడానికీ నా దగ్గర ఆధారం లేదు. చూసినది చూసినట్టు చెప్పాను.

"అవయవాలలో దోషం లేదు. పెదవుల బిగింపు మునుపటికంటే తగ్గింది. ఆ రోజున మాట వస్తుందని మాత్రం చెప్పలేను. రాదని కూడా చెప్పలేను."

"గంతేనా" అన్నాడు ముసలాయన. కళ్లు మూసుకొని తెరిచాడు. "అయితే పెద్దోడే పిలుస్తడు. ఆగితే ఆగనియ్యి. నాకేం తొందర? పండుకునే ఉంట గద."

ఎవరూ నవ్వలేదు. మేనమామ కుర్చీని వెనక్కి జరిపి లేచి వెళ్లిపోయాడు. కొడుకు మంచం దగ్గరికి వచ్చి వంగాడు. ఏదో చెప్పబోయాడు. నేను నేర్పినదంతా ఆ క్షణంలో అతన్ని వదిలిపోయింది. పెదవులు బిగిసినవి, గడ్డం గుంటలు పడింది, చేయి లేచింది. తండ్రి ఆ నోటి వైపు చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పటినుంచి అలాగే చూసి ఉంటాడు. చూపులో విసుగు లేదు, తొందర లేదు.

"నిమ్మలంగ బిడ్డ. నేను యాడికి పోతలేను."

చాలాసేపటికి బాపూ అన్న మాట ముక్కలై వచ్చింది. తరువాత చెప్పదలచుకున్నది అతను చెప్పలేదు.

ముసలాయన ముసురు పట్టిన రోజుల్లో పోయాడు. కోడలు పొద్దున్నే ఫోను చేసి చెప్పింది. నేను వెళ్లాను. వాన సన్నగా పడుతూనే ఉన్నది. దారి పొడుగునా మరమరాలు, పూలు బురదలో కలిసిపోతున్నవి. తడిసిన డప్పులు సరిగా మోగడం లేదు. సగం దారిలో పాడెను దింపారు. జనం గొడుగులతో చుట్టూ మూగారు. భివండి నుంచి వచ్చిన తమ్ముడు అన్న వెనుకనే నిలబడ్డాడు. అన్న తడబడితే అందుకోవడానికి మేనమామ అతన్ని అక్కడ నిలబెట్టాడని చూడగానే తెలిసింది.

నేను పక్కగా, అతని ముఖం కనిపించే చోట నిలబడ్డాను. అలవాటైన కన్ను పెదవులను వెతికింది. అతను వంగాడు. పెదవులు తాకీ తాకనట్టు కలిసి విడిపోయినవి. బాపూ అన్న పిలుపు వానలో నా దాకా వినిపించింది. గడ్డం నున్నగా ఉన్నది. మెడలో నరం లేవలేదు. కుడి చేయి మోకాలి మీదనే ఉండిపోయింది. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు. మూడూ ఒకే తీరుగా, ఒకే నిడివితో వచ్చినవి. నా గదిలో ఎన్నడూ అతని దగ్గర అంత శుద్ధమైన కదలికను నేను చూడలేదు.

మూడో పిలుపు తరువాత అతను లేవలేదు. తండ్రి ముఖం వైపు చూస్తూ వంగే ఉన్నాడు. మేనమామ భుజం పట్టి లేపాడు. "సక్కగ పిలిచినవ్ అల్లుడా" అన్నాడు. పాడెను ఎత్తారు.

ఇంటికి వచ్చి తడి బట్టలు మార్చుకున్నాను. ముసలాయన పోయినందుకు బాధ కలిగింది. అయినా ఒక పని జరగవలసిన తీరున జరిగిందన్న తృప్తి ఆ బాధ పక్కన ఉండనే ఉన్నది. కొన్నాళ్లు అది నాతో ఉన్నది.

కర్మకాండ ముగిసిన తరువాత అతను వచ్చాడు. గుండు, తెల్లని బట్టలు. భార్యను గేటు దగ్గరనే ఉండమని సైగ చేసి ఒక్కడే లోపలికి వచ్చాడు. అందరూ మెచ్చుకుంటున్నారా అని అడిగాను. మెచ్చుకుంటున్నారట. మేనమామ కనిపించినవారికల్లా చెబుతున్నాడట. ఈ కొద్ది మాటలకే అతనికి ఎంతోసేపు పట్టింది. నోరు మునుపటి స్థితికి పూర్తిగా తిరిగిపోయింది. నేను మళ్లీ అభ్యాసం సంగతి ఎత్తబోతే చేయి అడ్డం పెట్టాడు. ఆ తరువాత అతను చెప్పినదానిని, ఆగిన చోట్లను వదిలి రాస్తున్నాను.

"బాపూ అని ఆయన బతికున్నప్పుడు నేను ఎన్నడన్న సాఫ్‌గ పిలిచిన్నా సార్? లేదు. మగ్గం కాడ ఒక్కన్నే కూసున్నప్పుడు పిలుస్తుంటి. ఇంట్ల ఎవ్వలు లేనప్పుడు, వినేటోళ్లు లేనప్పుడు. అప్పుడు ఎన్నడు ఆగకపోతుండె. ఆనాడు గట్లనే వచ్చింది. మొదటి పిలుపుకే ఎరుకైంది సార్, అక్కడ బాపు లేడని. ఆగుతదేమోనని ఎదురు చూసిన. మూడోసారన్న ఆగుతదేమోననుకున్న. ఆగలే."

మనుషులు ఒంటరిగా మాట్లాడుకున్నప్పుడు సాధారణంగా నత్తి రాదని నాకు తెలుసు. ఎన్నో ఏళ్లు విద్యార్థులకు ఆ విషయాన్ని చెప్పాను. అతను నా మాట కోసం ఆగలేదు.

"మరి అవ్వను పిలిచినప్పుడు ఆగింది సార్."

ఆ వాక్యం ఎటు పోతున్నదో నాకు అప్పుడు తెలిసింది. వెంటనే అడ్డుపడ్డాను. ఆ రోజు జనం చూస్తున్నారు, తమ్ముడు రాలేదు, అనుకోకుండా మీద పడిన బాధ్యత, అచ్చుతో మొదలయ్యే మాట, ఆగడానికి ఇవన్నీ కారణాలు అని వరుసగా చెప్పాను. నోరు ఆగినంత మాత్రాన అవ్వ ప్రాణంతో ఉండి వింటున్నట్టు కాదన్నాను. తండ్రి దగ్గర ఉన్న జనమే తల్లి దగ్గరా ఉన్నారు కదా అని అతను నన్ను అడగవచ్చు. అడగలేదు. చేతులు కట్టుకొని, పరీక్ష మొదటి రోజున కూర్చున్నట్టే కూర్చొని, అంతా విన్నాడు.

"మీరు గక్కడ ఉన్నరా సార్, ఆనాడు?"

"లేను."

"అవ్వ మొకం చూసిన్రా?"

చూడలేదని చెప్పాను. అతను తల ఊపి లేచాడు. నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. గేటు దగ్గర భార్య ఏదో అడిగింది. అతని పెదవులు బిగుసుకొనడం కిటికీలోంచి నాకు కనిపించింది. ఆమె అందుకోకుండా, చెయ్యి పట్టుకొని నిలబడింది.